చింతపండు పెట్టి తోమిన కటారి

ముదగల్,
ఆగస్టు 18.

సీతారావమ్మ గారికి,

నమస్కారాలు. మీరు నన్ను చూడలేదు. నేను మహాంతేశ్ భార్యను. నా పేరు నేత్ర. పెళ్ళయి ఎనిమిది నెలలైంది. మా పెళ్ళికి బాపయ్య గారు ఒక్కరే వచ్చారు, మీకు మోకాళ్ళ నొప్పులని చెప్పారు. మీరు పంపిన ఆకుపచ్చ చీర మొన్న శ్రావణ శుక్రవారం కట్టుకున్నాను.

నేను ఎక్కువ చదువుకోలేదు. మక్తల్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండి ఏడో తరగతి వరకు తెలుగు బడికి వెళ్ళాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఫోను చేయవచ్చు కదా అనుకుంటారేమో. మీకు ఫోనులో సరిగా వినపడదని ఈయన చెప్పారు. నాకేమో ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే మాట రాదు. రాస్తేనే వస్తుంది.

అసలు సంగతి రాస్తాను. ఆషాఢంలో బాపయ్య గారు మా ఇంటికి ఒక కటారిని పంపారు కదా. మీవాళ్ళ పద్ధతి నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఈయనకు, బాపయ్య గారికి, హట్టి గనిలో పనిచేసే మహదేవప్ప అన్నకు పాత ఆయుధాలంటే ప్రాణం. ముగ్గురిలో ఎవరికి కొత్తగా ఏది దొరికినా అది మిగిలినవాళ్ళ ఇళ్ళకు మూడేసి నెలలు చుట్టపు చూపుగా పోతుంది. ఆ ఇంటాయన దాన్ని ఒక్కసారి తీసి చూసి, దానితో వచ్చిన నోటుబుక్కులో తనకు తోచింది రాసి, వానగాలి తగలకుండా నూనె గుడ్డ చుట్టి పెట్టెలో పెడతాడు. మళ్ళీ మహర్నవమికి మీ ఇంట్లో ఆయుధపూజలోనే విప్పడం. ఇదంతా నాకు తెలుసు. తెలియనిది ఒక్కటే. దాన్ని తోమకూడదని నాకెవరూ చెప్పలేదు.

మా నాన్న సూగప్ప రాయచూరు బజారులో ఇత్తడి, రాగి సామాన్లకు మెరుగు పెడతాడు. నేను పుట్టినప్పటి నుంచి చింతపండు వాసనలోనే పెరిగాను. మా ఇంట్లో నల్లగా ఉన్న వస్తువంటే ఇంకా పని పూర్తికాని వస్తువని అర్థం. పోయిన గురువారం ఈయన పంపు మోటారు బాగు చేయడానికి లింగసుగూరు వెళ్ళారు. శుక్రవారం పూజకు సామాన్లన్నీ తోముతున్నాను. దుప్పట్లు ఎండకు వేద్దామని పెట్టె తెరిస్తే కటారి కనపడింది. నల్లగా ఉంది. పెద్దవాళ్ళింటి వస్తువు, ఇలాగే తిరిగి పంపితే మహాంతేశ్ పెళ్ళాం ఎంత బద్ధకస్తురాలు అనుకుంటారని దాన్ని కూడా ముందు వేసుకున్నాను.

చింతపండు పట్టించి, ఇటుక పొడి జల్లించి రుద్దాను. పట్టుకునే చోట రెండు పక్కలా ఉన్న పట్టీల మీద, నలుపు కింద పచ్చగా ఏదో కనపడింది. ఇత్తడి కాబోలు, ఇంకా మెరుస్తుందని ఇంకా గట్టిగా రుద్దాను. కడిగి చూస్తే పచ్చదనం లేదు. పీచులో పచ్చటి నలుసులున్నాయి. ఇత్తడి అలా పీచుకు అంటుకోదు. ఆ మాత్రం నాకు తెలుసు. అది బంగారు రేకు.

నలుసులు తొమ్మిది దొరికాయి. కుంకుమ పొట్లంలో దాచాను. కటారిని మళ్ళీ చుట్టి పెట్టెలో పెట్టాను.

మధ్యాహ్నం ఈయన వచ్చి అన్నం తింటూ మా అత్తతో అంటున్నారు, "ఆ కటారి మీద పువ్వు సూడాలె అమ్మా. బాపయ్య మామ దానిమీద దుమ్ము గూడ తుడవనియ్యడు. ఆ నలుపే దాని వయసంట."

నేను చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను. మా అత్త పంపమ్మ చూసి, "ఏందే, ఉప్పెక్కువైందా? వండింది నువ్వే గద," అంది.

అమ్మగారూ, ఈయనకు ఈ ఊళ్ళో చుట్టాలు తక్కువ. ఉన్న చుట్టరికమంతా మీ ఇద్దరు ముగ్గురితోనే. నా వల్ల అది పోతుందేమోనని భయంగా ఉంది. వస్తువు మీది కాబట్టి ముందు మీకు తెలియాలని రాశాను. మీరు ఎలా చెబితే అలా చేస్తాను.

ఇట్లు,
నేత్ర


సింధనూరు క్యాంపు,
ఆగస్టు 29.

చిరంజీవి సౌభాగ్యవతి నేత్రకు,

సీతారావమ్మ ఆశీర్వదించి రాసేది. నాట్ల కూలీలకు కాఫీ పంపించి అరుగు మీద కూర్చున్నప్పుడు నీ ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని కంగారుగా చదివాను. రెండోసారి నవ్వుకుంటూ చదివాను. నవ్వినందుకు ఏమీ అనుకోకు.

నీ తప్పుకు నా తప్పు ఒకటి చెబుతాను, లెక్క సరిపోతుంది. నలభై మూడేళ్ళ కిందట భీమవరం వైపు నుంచి ఇక్కడికి వచ్చి కాలవ కింద భూమి కొనుక్కున్నాం. అప్పుడు ఇక్కడ తుమ్మ చెట్లు, తేళ్ళు తప్ప ఏమీ లేవు. గుడిసెలో ఉండేవాళ్ళం. మొదటి దుక్కిలోనే నాగలికి ఒక పాత కత్తి తగిలింది. ఈయనకు ఈ పిచ్చి అప్పుడు పట్టింది. ఆ ఎండాకాలం మా పుట్టింటి నుంచి పనసకాయ వచ్చింది. ఇంట్లో పెద్ద కత్తిపీట లేదు. ఎదురుగా గోడకు ఇంత పొడవు కత్తి వేలాడుతోంది. నేనేం చేస్తాను?

ఆయన పొలం నుంచి వచ్చేసరికి కత్తి నిండా పనస జిగురు. "ఒసేయ్, మహారాజులు పట్టుకున్న కత్తే అది!" అని తల పట్టుకున్నారు. "ఏం, మహారాజులు పనసకాయ తినరా?" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తొనలన్నీ ఆయనే తిన్నారు.

మీ ఆయనా ఈయనా ఎలా కలిశారో నీకు చెప్పాడా? మగవాళ్ళు ఇలాంటివి సరిగా చెప్పరు. అయిదేళ్ళ కిందట లింగసుగూరు వెళ్దామని సింధనూరు బస్టాండులో ముదగల్ బస్సెక్కారు ఈయన. దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట. కండక్టరు "ఏందిది?" అంటే "గొడుగు బాబూ" అన్నారు. పక్క సీట్లో కుర్రాడి దగ్గరా అలాంటి మూటే. "నీదేంది?" అంటే "పంపు రాడ్డు" అన్నాడు. బస్సు కదిలాక ఈయన వంగి చెవిలో, "అబ్బాయ్, నీ పంపు రాడ్డుకి పిడి ఉందా?" అని అడిగారట. ఆ కుర్రాడు అటూ ఇటూ చూసి, "మీ గొడుగుకి ఒర ఉందా మామా?" అన్నాడట. లింగసుగూరులో దిగడం మరిచిపోయి ఇద్దరూ ముదగల్ దాకా వెళ్ళిపోయారు.

అలా మొదలైన స్నేహం నీ చింతపండుకు పోతుందా? పోదు. ఇప్పుడే ఎవరికీ చెప్పకు. ఈయన మనసు చూసి నేను సర్దుతాను. కటారికి నూనె రాసి ఉంచు.

ఒక్క సంగతి రాయి. బంగారం పోయింది సరే, దాని కింద పువ్వు చెక్కి ఉందా? వేలితో తడిమితే తెలుస్తోందా? కళ్ళు మూసుకుని తడిమి చూసి రాయి. ఎందుకని మాత్రం అడగకు.

సీతారావమ్మ


ముదగల్,
సెప్టెంబరు 14.

అమ్మగారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజు నేను రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. పనసకాయ సంగతి తలుచుకుని వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుతుంటే మా అత్త వచ్చి, "ఏమైందే? పొయ్యి ఏమన్న నకల్ చేసి నవ్విచ్చిందా?" అంది.

మీరు చెప్పినట్టే కళ్ళు మూసుకుని తడిమాను. పువ్వు ఉంది. గీతలు లోతుగానే ఉన్నాయి, పోలేదు. అయిదు రేకులు. నాలుగు ఒకేలా ఉన్నాయి. అయిదోది కొంచెం వంకర. చెక్కినవాడికి ఆ సమయంలో ఎవరో పిలిస్తే చెయ్యి కదిలినట్టుంది. కళ్ళు తెరిచి చూస్తే ఆ వంకర కనపడదు, వేలికే తెలుస్తుంది. కత్తి మధ్యలో పొడుగునా ఒక గట్టు ఉంది, చేప వీపులాగా. మీరు ఎందుకని అడగవద్దన్నారు కాబట్టి అడగడం లేదు.

మహదేవప్ప అన్న మొన్న డ్యూటీ లేని రోజు వచ్చాడు. నన్ను సొంత చెల్లెలిలాగా తంగీ అని పిలుస్తాడు. "ఏం తంగీ, మా కటారి ఎట్లుంది? నిద్ర మంచిగ పడుతుందా దానికి? ఒక్కసారి మొకం సూపియ్యరాదు," అన్నాడు. ఈయన దుకాణంలో ఉన్నారు. దానికి నూనె గుడ్డ చుట్టారు, మహర్నవమి దాకా విప్పకూడదట అన్నాను. "భలే, భలే. నియమం మాకంటే నీకే ఎక్కువుంది," అని మెచ్చుకుని చాయ్ తాగి వెళ్ళాడు. ఆ మెచ్చుకోలు నాకు రోజంతా గుచ్చుకుంది.

ఇంకొకటి చెప్పాలి. ఇది మంచి మాట. కోట దగ్గర బస్సులు ఆగే చోట చెన్నవ్వ అని ఒక ముసలామె జొన్న రొట్టెలు కాల్చి అమ్ముతుంది. పోయిన ఆదివారం మా అత్తకు నలతగా ఉంటే రొట్టెలు తేవడానికి వెళ్ళాను. పెనం మీద రొట్టెను తిప్పే రేకు ఆమె చేతిలో ఉంది. దాని మధ్యలో గట్టు ఉంది, చేప వీపులాగా. నా వేలికి అప్పుడే తెలిసిపోయింది. ఎప్పుడూ కొత్తవాళ్ళతో మాట్లాడనిదాన్ని, "అవ్వా, అది ఒకసారి ఇస్తవా?" అని అడిగేశాను. వేడిగా ఉందని కొంగుతో పట్టుకుని ఇచ్చింది. మొన వైపు విరిగిపోయింది కానీ, అమ్మగారూ, అది బాకు. పక్కా బాకు.

"ఇది యాడిదవ్వా?" అంటే, "మా అత్తది తాయీ. ఆమెకు వాళ్ళత్త ఇచ్చింది. ఇదిలేకుంటే నా రొట్టె పొంగదు," అంది.

ఈయనకు చెబితే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. చెన్నవ్వ అమ్మనంది. ఈయన బతిమాలారు. ఆమె ఈయన మొహం వైపు చూడకుండా నన్ను చూపించి, "సూసింది ఈ పిల్ల. ఇస్తే ఈమెకిస్త, అది గూడ బదులుకు. శివరాత్రికి నా రేకు నాకు రావాలె. అందాక మంచి స్టీలుది తెచ్చియ్యి," అంది. అందరూ నవ్వారు. ఈయన దారంతా, "నా పెళ్ళాం కన్నుసూడు, కన్ను!" అంటూ నడిచారు. కన్ను కాదు వేలు అని చెప్పలేకపోయాను. చెబితే ఆ వేలు ఎక్కడ నేర్చుకుందో చెప్పాల్సి వస్తుంది.

మీ
నేత్ర


సింధనూరు క్యాంపు,
సెప్టెంబరు 26.

చిరంజీవి నేత్రకు,

నీ ఉత్తరంలో ఈయనకు చదివి వినిపించగలిగినంత వరకు వినిపించాను. రొట్టెల రేకు సంగతి విని మంచం మీద లేచి కూర్చున్నారు. చెన్నవ్వ అన్న మాటలు మూడుసార్లు చెప్పించుకున్నారు. "వీళ్ళత్త, వాళ్ళత్త! కత్తి మగాళ్ళ చేతుల్లోంచి ఎప్పుడో జారిపోయింది, ఆడాళ్ళు నిలబెట్టారే!" అన్నారు.

చదివి వినిపించాను అని రాశాను, చూశావా? ఇక నీ దగ్గర దాచి లాభం లేదు. ఈయనకు చూపు పోతోంది. ఏడాదిన్నరగా. కంటి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో తడి గుడ్డ అడ్డం పెట్టుకుని చూసినట్టు ఉంటుందట. స్నేహితులకు చెప్పలేదు. చెబితే వాళ్ళు వస్తువులు చూపించడానికి కాక తనను చూడటానికి వస్తారని ఆయన భయం. నోటుబుక్కులో ఈ ఏడాది ఆయన మాటలన్నీ నా చేత్తో రాసినవే. దస్తూరి మారిందని ఎవరూ కనిపెట్టలేదు. ఈ మగవాళ్ళు మూడు వందల ఏళ్ళ కిందటి కంసాలి చేతిని గుర్తుపడతారు, పక్కన ఉన్నవాడి అక్షరాలు మాత్రం చూడరు.

ఆ కటారి ఉగాదికి ముందు దొరికింది. మాన్విలో ఒక పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న హంపయ్య అనే పెద్దమనిషితో మాట కలిసింది. వాళ్ళింట్లో దానితో కొబ్బరి పీచు తీస్తున్నారట. ఆయన్ని అరిటాకు ముందు నుంచి లేపి వాళ్ళింటికి తీసుకెళ్ళారట ఈయన. ఇంటికి తెచ్చి వాకిట్లో ఎండలో నిలబడి కుడి కన్ను దగ్గర పెట్టుకుని చూశారు. "సీతా, పువ్వు పచ్చగా ఉందే. కోతకొచ్చిన మన చేను రంగు," అన్నారు. తరువాత నెలకే రంగులు కూడా పోయాయి. ఆయన కళ్ళారా చూసిన చివరి వస్తువు అదే. దగ్గరే ఉన్నా చూడలేకపోవడం భరించలేక, "చూసేవాళ్ళ ఇంట్లో ఉండనీ" అని ముందు మీ ఇంటికి పంపారు.

భయపడకు తల్లీ. నీ మీద నాకు కోపం లేదు. ఇది చదివి ఏడుస్తావని తెలిసే ఇన్నాళ్ళు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, మనం చెప్పనక్కర లేదు. ఆయనకు కనపడదు. వేలికి అయిదు రేకులూ తగులుతాయి, ఆ వంకర కూడా తగులుతుంది. ఆయన మనసులో పువ్వు పచ్చగానే ఉంటుంది. మీ ఆయనకూ మహదేవప్పకూ నేను సైగ చేసి సర్దిచెబుతాను. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ.

ఆయన చూపు సంగతి ఎవరితోనూ అనకు. మీ ఆయనతో కూడా.

సీతారావమ్మ


ముదగల్,
అక్టోబరు 6.

అమ్మా,

మీరన్నట్టే ఏడ్చాను. మా అత్త చూసి, పుట్టింటి మీద గాలి మళ్ళిందనుకుని రెండు రోజులు రాయచూరు పంపింది. మా నాన్న దగ్గర కూర్చున్నాను. నాన్న చెంబుకు మెరుగు పెట్టాక కళ్ళు మూసుకుని వేళ్ళతో తిప్పి చూస్తాడు. ఎందుకు నాన్నా అంటే, "కన్ను మెరుపు సూసి మోసపోతదిరా. వేలు మోసపోదు," అన్నాడు. ఆ మాట నా వెంట బస్సులో ముదగల్ దాకా వచ్చింది.

అమ్మా, నేను మీ మాట దాటుతున్నాను. తిరిగి వచ్చాక ఈయనకు కటారి సంగతి చెప్పేశాను. మామ చూపు సంగతి చెప్పలేదు, ఒట్టు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు కంచం పెట్టాల్సిన చోట కటారి పెట్టాను.

"ఏందిది?" అన్నారు.

"కటారి."

"ఏ కటారి?"

"బాపయ్య మామది."

గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. దాన్ని అటూ ఇటూ తిప్పి, "స్టీలు సామాన్ల దుకాణంల కొన్నట్టుంది. ఎవరు తోమిన్రు? అమ్మనా?" అన్నారు.

లోపల నుంచి మా అత్త, "నా మీదికేందిరా? నా చేతులకు గంత మెరుపు యాడిది?" అంది.

"నేనే," అన్నాను. "ఎందుకే గిట్ల చేస్తివి? నన్నొక మాట అడగకుంటివి?" అని లేచి బయటకు వెళ్ళారు. స్కూటరు మీద కూర్చున్నారు కానీ స్టార్టు చేయలేదు. నేను తలుపు వెనక నిలబడ్డాను. కాసేపటికి అక్కడి నుంచే, "చింతపండు ఎంత పెట్టినవ్?" అన్నారు.

"నిమ్మకాయంత."

"ఇటుక పొడి?"

"జల్లించిందే."

"పనైతే సక్కగ చేసినవ్. మీ నాయన బిడ్డవు," అని లోపలికి వచ్చారు. అప్పుడు తన సంగతి చెప్పారు. ఈయన మొదటి కత్తి దొరకగానే దుకాణంలో సాన రాయి మీద పెట్టి నిప్పులు రాలేలా పదును పెట్టారట. దాన్ని బాపయ్య మామకు చూపించారట. మామ మంచినీళ్ళు అడిగి తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగి, "అల్లుడూ, ఇప్పుడు దీంతో గడ్డం గీసుకోవచ్చు," అన్నారట.

రాయచూరులో తెలిసిన కంసాలితో మళ్ళీ బంగారు రేకు పెట్టిద్దాం, మామకు చెప్పకుండా పూజలో పెట్టేద్దాం అన్నారు ఈయన. మీరూ చెప్పవద్దనే అన్నారు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. కానీ అమ్మా, మామకు ఇప్పుడు వేళ్ళే కళ్ళు. మనం ఆ వేళ్ళ కింద లేని పచ్చదనం పెట్టి ఊరుకుంటే, ఇక ముందు ఆయన చేతిలో ఎవరు ఏం పెట్టినా అది నిజమో కాదో ఆయనకు ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్ళు నోరు రాదని నేను దాక్కున్నాను. మీరు చెప్పనక్కర లేదు అని రాసినప్పుడు మొదట నాకెంత హాయిగా అనిపించిందో. ఆ హాయి చూసుకునే భయపడ్డాను.

"నేను చెప్తలే, మా ఇంట్ల జరిగింది," అన్నారు ఈయన. తోమింది నేను కదా అన్నాను. "నీ నోరు లేస్తదా? మహదేవప్పకు చాయ్ ఇచ్చేటప్పుడే తలుపు సందుల నుంచి ఇస్తవు," అన్నారు.

నేనే చెబుతాను. మహర్నవమికి నేనూ వస్తున్నాను. నన్ను క్షమించండి.

మీ
నేత్ర


సింధనూరు క్యాంపు,
అక్టోబరు 12.

నేత్రకు,

ఉత్తరం అందింది. చెబితే నీ మనసు తేలికపడుతుంది. ఆయన మనసు ఏమవుతుందో నలభై అయిదేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు. పూజ రోజున ఆయన మొహం వాడిపోతే దానికి నేను బాధ్యురాలిని కాను. ఇంతకంటే రాయడానికి లేదు.

ఆ రోజు పూర్ణాలు వండుతున్నాను. మీ ఆయనకు శనగపప్పు పడదని విన్నాను. నిజమైతే నా చేత ఇంకో ఉత్తరం రాయించకుండా ముందే చెప్పు, పెసరపప్పుతో చేస్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, కాలవ గట్టు మీద దుమ్ము.

సీతారావమ్మ


సింధనూరు క్యాంపు,
నవంబరు 2.

మా అమ్మాయి నేత్రకు,

ఈ ఉత్తరం ఆలస్యమైంది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

నువ్వు ఆ రోజు ఆయన ఎదురుగా చాప మీద కూర్చుని మూట విప్పావు. కటారి ఆయన చేతిలో పెట్టావు. ఆయన బొటనవేలు పువ్వు మీదకు వెళ్ళక ముందే నీ పెదాలు కదిలాయి. నా చెవుల సంగతి తెలుసుగా, నాకు ఒక్క ముక్క వినపడలేదు. పక్కనే ఉన్న మహదేవప్పకే వినపడలేదట. చెప్పగానే లేచి వంటింట్లోకి పారిపోయావు. నేను వచ్చేసరికి అటు తిరిగి నిలబడి ఉడికిపోయిన పప్పును కలుపుతున్నావు. బస్సు వేళయిందని మీ ఆయన కేకేసేదాకా బయటకు రాలేదు. నీ భుజం మీద చెయ్యి మాత్రం వేశాను. అక్కడ ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. మీ ఆయన సగం చెప్పి ఉంటాడు.

మీరు వెళ్ళాక ఆయనను అడిగాను, నువ్వు ఏం చెప్పావని. నీ యాస పెట్టి మరీ చెప్పారు. "మామా, పువ్వు ఇప్పుడు పచ్చగ లేదు. తెల్లగుంది. నేనే తోమిన. జెప్పకుండ మీ చేతుల పెట్టలేను."

కటారి చేతికి తగలగానే ఆయనకు తెలిసిందట. పాత నలుపు వేలికి పిండిలా తగులుతుందట, ఇది గాజులా జారిందట. "ఎవరు చెబుతారా అని చూశాను సీతా. అల్లుడు చెబుతాడేమో అనుకున్నాను. నువ్వు చెబుతావేమో అని కూడా చూశాను," అన్నారు. ఈ చెవులకు ఎన్నో మాటలు వినపడవు. అది మాత్రం బాగా వినపడింది. అమ్మాయీ, ఆయనకు కనపడదు కదా అని నేను చేయబోయిన పనికి నువ్వు అడ్డం పడ్డావు. నీకు రాసిన ఆ కారం ఉత్తరం ఉంటే పొయ్యిలో పడేయి.

నువ్వు లోపలికి వెళ్ళాక ఆయన కాసేపు కటారి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తరువాత, "పిల్ల తన తప్పు చెప్పింది. నాదీ ఒకటి ఉంది," అని చూపు సంగతి ఆ ఇద్దరికీ చెప్పేశారు. నలభై ఏళ్ళలో ఆయన నోట అంత పొడుగు మాట నేను వినలేదు. మీ ఆయన తల వంచుకున్నాడు. మహదేవప్ప కళ్ళు తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి మహదేవప్ప, "అందుకేనా మామా, పోయినేడు నేను తమాషకు తెచ్చిన గని గునపాన్ని పట్టుకుని విజయనగరం ఈటె అంటివి! నేను అది నిజమనుకుని సంవత్సరం నుంచి దానికి కుంకుమ పెడుతున్న!" అన్నాడు.  ముందు ఆయనే నవ్వడం మొదలుపెట్టారు. ముగ్గురూ ఎంత నవ్వారంటే నా చెవులకు కూడా వినపడింది. నువ్వు లోపల పప్పు కలుపుతూ నిన్ను చూసే నవ్వుతున్నారనుకుని ఉంటావు. కాదు.

కంసాలి దగ్గరకు వద్దన్నారు. నువ్వు ఇచ్చిన కుంకుమ పొట్లంలో తొమ్మిది నలుసులనూ అన్నం మెతుకుతో నోటుబుక్కులో అంటించమన్నారు. అంటించాను. వాటి కింద ఆయన చెప్పిన మాటలు ఇవి:

"ముదగల్‌లో మహాంతేశ్ ఇంట మూడు నెలలు ఉంది. అక్కడ చింతపండుతో తలంటు పోసుకుంది. పువ్వుకు అయిదు రేకులు, ఒకటి వంకర. పచ్చ రంగు నేను చూసి ఉన్నాను. అది నా దగ్గర ఉంది, దాన్ని ఎవరూ తోమలేరు."

ఆ పక్క పేజీ ఖాళీగా వదిలి పైన నీ పేరు రాయమన్నారు. రొట్టెల రేకు నీకు దొరికిన వస్తువు కాబట్టి దాని చుట్టపు చూపు మా ఇంటి నుంచే మొదలుకావాలట. పొద్దున్నే రోడ్డు మీద హారను వినపడితే చాలు, "ముదగల్ బస్సేనా?" అంటున్నారు. నోటుబుక్కు ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

అమ్మ


ముదగల్,
నవంబరు 15.

అమ్మా, మామా,

మహదేవప్ప అన్న చేత మూట పంపుతున్నాను. బస్సులో కండక్టరు అడిగితే రొట్టెల రేకు అని చెబుతాడట. మన వాళ్ళలో బస్సులో నిజం చెప్పే మొదటి మనిషి అన్నే అవుతాడని ఈయన ఎగతాళి చేశారు.

నోటుబుక్కులో నా పేరు చూసి ఆ రోజంతా పేజీ ముట్టుకోలేదు. నిన్న రాశాను. మీకు చదవడానికి వీలుగా ఇక్కడ కూడా రాస్తున్నాను:

"ముదగల్ కోట దగ్గర చెన్నవ్వ పెనం మీద దొరికింది. బాకు. మొన లేదు. మధ్యలో గట్టు ఉంది. ఒక పక్క అరిగింది, ముగ్గురు అత్తాకోడళ్ళు కుడిచేత్తో రొట్టె తిప్పినందువల్ల. వాసన చూస్తే జొన్న పిండి."

మామా, ఆ అరిగిన పక్క మీద వేలు పెట్టి చూడండి. రొట్టె తిప్పే చెయ్యి ఎటు వంగుతుందో తెలుస్తుంది. మా అత్త కూడా పట్టుకుని చూసి, "ఎవరో చెయ్యి పట్టుకున్నట్టుంది," అంది. ఆమె మాట కూడా పేజీలో ఎక్కించమంటారా?

చెన్నవ్వకు స్టీలు రేకు తెచ్చి ఇచ్చాం. దానితో రొట్టెలు పొంగడం లేదని రోజూ నన్ను తిడుతోంది. శివరాత్రి నాడు నేనే వచ్చి రేకు తీసుకెళతాను. అప్పుడు తలుపు సందులోంచి కాదు, మీ ఇద్దరి మధ్య కూర్చుని మాట్లాడతాను. అమ్మకు వినపడేలా గట్టిగా మాట్లాడటం ఇప్పటి నుంచే వంటింట్లో అలవాటు చేసుకుంటున్నాను. మా అత్త ఎవరితోనని అడుగుతోంది.

ఒక్క మాట. దీని మీద నలుపంతా చెన్నవ్వ పొయ్యిది, వాళ్ళత్త పొయ్యిది, ఆమె అత్త పొయ్యిది. చూస్తే చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. అమ్మా, దీన్ని మాత్రం తోమకండి.

మీ
నేత్ర